పీచ్ కాబ్లర్: ఏ పండు, ఏ టాపింగ్? ముందు రసం సంగతి తేల్చుకోండి

పీచ్ కాబ్లర్ (పీచ్ పండ్లకు పిండి టాపింగ్ జోడించి ఓవెన్‌లో కాల్చే తీపి వంటకం) చేద్దామని రెసిపీలు వెతకడం మొదలుపెడితే కాసేపటికే బుర్ర వేడెక్కిపోతుంది. ఒకరు పిండి కింద పోసి పండ్లు పైన వేయమంటారు, ఇంకొకరు పండ్లు కింద, పిండి పైన అంటారు. ఒకరు తాజా పండ్లు తప్ప ఇంకేవీ ముట్టుకోవద్దంటారు, మరొకరు డబ్బా తెరిచి గుమ్మరించి, పైన కేక్ మిక్స్ చల్లి, పని అయిపోయిందంటారు. చిత్రమేమిటంటే అన్నీ కాబ్లర్లే, బాగా చేస్తే అన్నీ రుచిగానే ఉంటాయి. అసలు తేడా అంతా ఒక్క దగ్గరే ఉంది: పీచ్ వేడెక్కగానే ఊరే రసాన్ని ఏ పద్ధతి ఎలా సర్దుకుంటుందన్న దగ్గర.

పీచ్ బరువులో దాదాపు 89 శాతం నీళ్లే. దానికి చక్కెర కలిపి ఓవెన్‌లో పెడితే ఆ నీళ్లలో చాలా భాగం బయటికి వచ్చేస్తుంది. ఆ రసం పిండిలోకి ఇంకాలా, పిండి కింద చిక్కటి గ్రేవీలా నిలవాలా, లేక వేడికి సగం ఆవిరైపోవాలా? ఈ ప్రశ్నకు మీకు ఏ జవాబు నచ్చితే ఆ టాపింగ్ మీది. పండు సంగతి తర్వాత చూసుకోవచ్చు. చాలామంది పండుతో మొదలుపెట్టి, ఇంట్లో ఉన్న రెసిపీకి దాన్ని అతికించబోతారు, అక్కడే అడుగున పచ్చిపిండి, పైన మాడిన పిండి తయారవుతాయి.

ఎంచుకునే ముందు ఏం చూసుకోవాలి

రసం తర్వాత చూడాల్సింది టైమ్. అయితే వండటానికి పట్టే టైమ్ ఒక్కటే కాదు, ఎప్పుడు తింటారన్నది కూడా. ఓవెన్‌లోంచి తీసిన అరగంటలో తినేసేది వేరు, పొద్దున చేసి రాత్రి భోజనాల తర్వాత పెట్టేది వేరు. కొన్ని టాపింగ్‌లు రెండు గంటలు గడిచేసరికి తడిసి చతికిలబడతాయి. కొన్ని మర్నాటికి ఇంకా రుచెక్కుతాయి.

తర్వాత మీ చేతి అలవాటు. చల్లటి వెన్నని పిండిలో వేళ్లతో నలిపి, పిసక్కుండా ముద్ద కట్టడం కష్టమైన పనేం కాదు గానీ, మొదటిసారికి కాస్త టెన్షన్ పెడుతుంది. జారుగా పిండి కలిపి పోసేయడంలో ఆ బాధ ఉండదు. ఇక తీపి. తాజా పండుతో చేస్తే చక్కెర మీ చేతిలో ఉంటుంది, పాకంలో నానిన డబ్బా పండుతో, రెడీమేడ్ మిక్స్‌తో చేస్తే సగం మీ చేయి దాటిపోయినట్టే.

గుడ్డు తినని వాళ్లకు ఒక మంచి మాట: కింద చెప్పే నాలుగు పద్ధతుల్లోనూ గుడ్డు అవసరం లేదు. కేక్ మిక్స్‌తో చేసేటప్పుడు మాత్రం పెట్టె మీద లేబుల్ ఒకసారి చదవండి.

నాలుగు టాపింగ్‌లు ఒక్క చూపులో

| టాపింగ్ | రసాన్ని ఏం చేస్తుంది | చేతి పని | ఎప్పుడు తింటే బాగుంటుంది | దేనికి భయపడాలి |
|---|---|---|---|---|
| జారుపిండి | చాలావరకు పీల్చుకుంటుంది | అన్నిటికంటే తక్కువ, కేక్ మిక్స్ తప్ప | వేడిగా, లేదా మర్నాడు | రసం ఎక్కువైతే మధ్యలో ఉడకదు |
| పిండి ముద్దలు | కింద గ్రేవీలా ఉంచుతుంది | మధ్యస్థం | తీసిన గంటలోపు | ముద్దల అడుగు బంకగా ఉండిపోవడం |
| పై (pie) క్రస్ట్ | కింద మూసి ఉంచుతుంది | ఎక్కువ | అదే రోజు | చిల్లులు పెట్టకపోతే తడవడం |
| కేక్ మిక్స్ | తాగేస్తుంది, తాగాలి కూడా | దాదాపు లేదు | ఎప్పుడైనా | అక్కడక్కడా పొడిపిండి మిగలడం |

పట్టికలో అన్నీ సమానంగా కనిపిస్తున్నాయి గానీ నా దృష్టిలో అవి సమానం కావు. ఒక్కొక్కటీ చూద్దాం.

జారుపిండి కాబ్లర్

ట్రేలో వెన్న వేసి ఓవెన్‌లోనే కరిగించి, దాని మీద జారుపిండి పోసి, పైన పండ్లు పేర్చి, కలపకుండా వదిలేసే పద్ధతి ఇది. కలపకుండా అన్నమాటే ఇందులో కిటుకంతా. కాలుతున్నప్పుడు బేకింగ్ పౌడర్ వల్ల పిండి పొంగి పండ్ల సందుల్లోంచి పైకి వస్తుంది, పండ్లు కిందికి దిగుతాయి. అంచుల్లో వెన్న పిండిని దాదాపు వేయించినట్టు చేస్తుంది. ట్రే మూలల్లో గోధుమరంగులో, కాస్త జీళ్లలా సాగుతూ కరకరలాడే ఆ అంచు కోసమే దీన్ని చేసేవాళ్లున్నారు. ఆ మూల ముక్క ఎవరికి పెట్టాలన్నది మీ ఇంటి గొడవ.

కొలతలు గుర్తుపెట్టుకోవడం తేలిక: ఒక కప్పు మైదా, ఒక కప్పు చక్కెర, ఒక కప్పు పాలు, 115 గ్రాముల వెన్న, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు. పండు ముక్కలు నాలుగు కప్పులు, అంటే సుమారు 650 గ్రాములు. 9 బై 13 అంగుళాల ట్రే, 190 డిగ్రీల సెల్సియస్, 40 నుంచి 45 నిమిషాలు. చక్కెరని ముప్పావు కప్పుకి తగ్గించినా ఏమీ కాదు. అంతకంటే బాగా తగ్గిస్తే అంచుల్లో ఆ సాగే గుణం పోయి మామూలు కేక్‌లా తేలుతుంది.

ఇందులో కార్న్‌ఫ్లోర్ వేయరు, పిండే రసాన్ని పట్టుకుంటుంది. అందుకే దీనికి ఒక పరిమితి ఉంది. బాగా మగ్గి చేతిలో కారిపోతున్న పండ్లు, లేదా కరిగించిన ఫ్రోజెన్ ముక్కల్ని నీళ్లతో సహా వేస్తే పిండికి అంత రసం మోసే శక్తి లేక మధ్యలో పాయసంలా ఉండిపోతుంది. అలాంటి పండే ఉంటే ముక్కల్ని చిల్లుల గిన్నెలో కాసేపు ఉంచి, కారిన రసాన్ని చిన్న గిన్నెలో సగానికి మరిగించి, వడ్డించేటప్పుడు పైన పోసుకోండి. అది పారేసే వస్తువు కాదు.

నిజం చెప్పాలంటే ఇది కేక్‌కి దగ్గర. పండు, పిండి వేరువేరుగా తెలియాలి, స్పూన్‌తో తీస్తే కింద ఎర్రటి చిక్కని రసం కనిపించాలి అనుకునేవాళ్లకు ఇది నచ్చదు.

పిండి ముద్దలు

అమెరికన్ రెసిపీల్లో డ్రాప్ బిస్కెట్ అని రాసేది ఇదే. టీలో ముంచుకునే బిస్కెట్ అనుకోకండి, గుల్లగా పొంగే మెత్తటి ముద్దలివి. పండ్లు కింద, వాటి మీద స్పూన్‌తో వేసిన ముద్దలు, మధ్యలో సందులు. ఆ సందులు అందానికి పెట్టినవి కావు. రసం ఆవిరయ్యేది అక్కడి నుంచే, మీరు ఉడికిందో లేదో చూసేదీ అక్కడే.

ఒక కిలో పండ్లకు 200 గ్రాముల మైదా, 3 టేబుల్‌స్పూన్ల చక్కెర, 2 టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ ఉప్పు, 85 గ్రాముల చల్లటి వెన్న, 160 మిల్లీలీటర్ల వరకు చిక్కటి మజ్జిగ సరిపోతాయి. చిక్కటి మజ్జిగ అంటే నీళ్లు కొట్టినది కాదు, పెరుగులో కాస్త పాలు పోసి గిలకొట్టినది. దాని పులుపు కోసం పావు టీస్పూన్ వంటసోడా కలపండి. వెన్న బఠాణీ గింజలంత ముక్కలుగా పిండిలో కనిపిస్తూనే ఉండాలి, ఆ ముక్కలు ఓవెన్‌లో కరిగినచోట గుల్లదనం వస్తుంది. మజ్జిగ పోశాక పొడి కనిపించనంత వరకే కలపండి. చపాతీ పిండిలా మర్దించారా, రబ్బరే.

దీని అసలు రోగం ముద్దల అడుగు. పైన బంగారు రంగు వచ్చేస్తుంది, బాగుందని తీసేస్తాం, స్పూన్‌తో ఎత్తి చూస్తే కింద వేలెడు మందాన తెల్లగా, బంకగా ఉంటుంది. ఎందుకంటే చల్లటి పండ్ల మీద వేసిన ముద్దకి పైనుంచి మాత్రమే వేడి తగులుతుంది, కిందనుంచి పండు వేడెక్కేసరికి పైభాగం మాడటానికి సిద్ధంగా ఉంటుంది. మందు చాలా తేలిక. ముందు పండ్లని ఒక్కటే 200 డిగ్రీల్లో 12 నుంచి 15 నిమిషాలు పెట్టి, అంచుల్లో బుడగలు మొదలయ్యాక బయటికి తీసి, ఆ వేడి పండ్ల మీద ముద్దలు వేసి, మళ్లీ 22 నుంచి 28 నిమిషాలు కాల్చండి. అప్పుడు అడుగు ఆవిరికి ఉడుకుతుంది, పైభాగం ఓవెన్ వేడికి కాలుతుంది. రెసిపీలో ఈ మెట్టు లేకపోతే నేనైతే ఆ రెసిపీని నమ్మను.

తీసేముందు మధ్యలో ఉన్న ముద్దని ఫోర్క్‌తో కొంచెం పైకి ఎత్తి కిందకి చూడండి. వంట థర్మామీటర్ ఉంటే ముద్ద నడుమ 93 డిగ్రీలు చూపించాలి. అంచుల్లో బుడగలు వస్తే చాలదు, నట్టనడుమ కూడా రసం కుతకుతలాడాలి. పండ్లలో కలిపే కార్న్‌ఫ్లోర్ (కొలత కింద ఉంది) అప్పుడే పూర్తిగా చిక్కబడుతుంది.

పైభాగం ఇంకా కరకరలాడాలంటే ముద్దల మీద ఒక టేబుల్‌స్పూన్ చక్కెర చల్లండి. కొందరు ఇంకో అడుగు ముందుకేసి టాపింగ్ అంతటా చక్కెర చల్లి, దాని మీద బాగా వేడి నీళ్లు కొద్దిగా చిలకరించి ఓవెన్‌లో పెడతారు. అది పలచని గాజు పొరలా గట్టిపడి స్పూన్ పెట్టగానే పగులుతుంది. ముద్దల మీద కంటే, ట్రే అంతా పరిచినట్టు వేసిన మందపాటి పిండి మీద ఇది బాగా కుదురుతుంది.

నాకు నాలుగింటిలో ఇదే ఇష్టం. పండు పండులా, పిండి పిండిలా ఉంటాయి కాబట్టి. కాకపోతే దీన్ని పొద్దున చేసి రాత్రికి ఉంచే పని పెట్టుకోవద్దు.

పై క్రస్ట్

పై (పండ్లని పిండి పొరలో మూసి కాల్చే వంటకం) చేసినట్టే పిండి ఒత్తి మీద కప్పడం, లేదా పట్టీలుగా కోసి జడలా అల్లడం. ఇది కాబ్లరే కాదు, పై కదా అని కొందరు వాదిస్తారు. కానీ 1859 నాటి ఒక అమెరికన్ నిఘంటువులోనే కాబ్లర్ అంటే మందంగా పిండి పరిచిన గిన్నెలో పండ్లు వేసి కాల్చేదని రాసి ఉంది, కాబట్టి వంశం గురించి దీన్ని నిలదీయనక్కర్లేదు. అమెరికా దక్షిణాది ఇళ్లలో ఇప్పటికీ చాలామంది ఇలాగే చేస్తారు. కొందరు పిండి పట్టీల్లో కొన్నిటిని పండ్ల మధ్యలో కూడా వేస్తారు, అవి రసంలో ఉడికి మెత్తగా, చిక్కగా అవుతాయి.

160 గ్రాముల మైదా, 115 గ్రాముల చల్లటి వెన్న, మూడు నాలుగు టేబుల్‌స్పూన్ల ఐసు నీళ్లు. కలిపాక అరగంట ఫ్రిజ్‌లో ఉంచి ఒత్తాలి. 200 డిగ్రీల్లో 40 నుంచి 50 నిమిషాలు. నిండుగా కప్పితే ఆవిరి పోవడానికి నాలుగైదు గాట్లు తప్పనిసరి, అల్లితే ఆ బెంగ లేదు.

ఇంతకుముందు పై చేసి, ఆ పిండితో చేయి తిరిగినవాళ్లకే ఇది సరదా. లేదంటే పని ఎక్కువ, ఫలితంలో తేడా తక్కువ. రెడీమేడ్ పై షీట్ దొరికితే ఆ లెక్క మారిపోతుంది, అప్పుడిది జారుపిండి కంటే కూడా తేలిక.

కేక్ మిక్స్

ట్రేలో డబ్బా పీచ్‌లు, పైన పొడి కేక్ మిక్స్, దాని మీద వెన్న, అంతే. కలపొద్దు. ఇక్కడ రసం శత్రువు కాదు, పిండికి కావాల్సిన తడి అంతా అక్కడి నుంచే రావాలి. అందుకే రెండు పెద్ద డబ్బాలు వాడితే ఒకదాని పాకం వంపేసి, రెండోదాని పాకం ఉంచుతారు. 175 డిగ్రీల్లో 45 నుంచి 50 నిమిషాలు.

తప్పు జరిగేది వెన్న దగ్గర. నాలుగు పెద్ద ముక్కలు అక్కడక్కడా పెడితే వాటి కింద మాత్రం కాలి, మిగతా చోట్ల తెల్లటి పొడి పొడిగానే ఉంటుంది, తింటే గొంతు పట్టేస్తుంది. వెన్నని పలచని రేకుల్లా కోసి పిండి కనిపించకుండా పరవండి. ఇరవై నిమిషాలయ్యాక ఒకసారి చూసి, పొడి మచ్చలు కనిపిస్తే వాటి మీద కొంచెం కరిగించిన వెన్నో, పక్కన పెట్టిన పాకమో చెంచాతో వేయండి.

చిన్నచూపు చూడాల్సిన పద్ధతేం కాదు ఇది. తీపి మాత్రం ఎక్కువే, తగ్గించే దారి పెద్దగా లేదు. నిమ్మరసం కాస్త ధారాళంగా పిండితే కొంత కుదురుకుంటుంది.

ఇప్పుడు పండు: తాజాదా, ఫ్రోజెన్‌దా, డబ్బాదా?

సీజన్‌లో మంచి పండు దొరికితే తాజాదే, అందులో అనుమానం లేదు. కానీ సీజన్ కాని తాజా పండు కంటే ఫ్రోజెన్ నయం. ఈ మాట చాలామందికి రుచించదు. దూరం నుంచి రావాలని పచ్చిగా కోసిన పీచ్ ఇంట్లో పెడితే మెత్తబడుతుంది, కొంత వాసన కూడా వస్తుంది, తీపి మాత్రం పెరగదు. చెట్టు నుంచి తెంపాక అందులోకి చక్కెర వచ్చే దారి మూసుకుపోతుంది. ఫ్రోజెన్‌కి వాడేది పండిన తర్వాత కోసిన పండు.

తాజాది కొనేటప్పుడు ఎర్రటి బుగ్గ చూసి మోసపోవద్దు. ఆ ఎరుపు రకాన్ని బట్టి, తగిలిన ఎండని బట్టి వస్తుంది, పండిందనడానికి గుర్తు కాదు. ఎరుపు లేని చోట, ముఖ్యంగా తొడిమ చుట్టూ, రంగు చూడండి. ఆకుపచ్చ ఛాయ ఉంటే పచ్చి, పసుపు ముదిరి ఉంటే పండు. తొడిమ దగ్గర బొటనవేలితో మెల్లగా నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. కాబ్లర్‌కి పూర్తిగా మెత్తబడినదానికంటే ఒక మెట్టు తక్కువ మగ్గినదే మేలు, అది ఉడికాక కూడా ముక్కలా నిలుస్తుంది.

దోరగా ఉన్నవాటిని కాగితం సంచిలో వేసి బయటే ఉంచండి, ఒకటి రెండు రోజుల్లో మగ్గుతాయి. పచ్చివాటిని ఫ్రిజ్‌లో పెడితే మాత్రం పాడుచేసుకున్నట్టే. సుమారు 2 నుంచి 8 డిగ్రీల మధ్య చలి మగ్గని పీచ్‌కి పడదు, తర్వాత బయటపెట్టినా లోపల రసం లేకుండా పిండిపిండిగా తయారవుతుంది. మగ్గాక పెడితే రెండు మూడు రోజులు ఇబ్బంది లేదు.

పసుపుదా, తెల్లదా? కాబ్లర్‌కి పసుపుదే. తెల్ల పీచ్‌లో పులుపు తక్కువ, పచ్చిగా తినడానికి అద్భుతంగా ఉంటుంది గానీ చక్కెరతో కలిపి ఉడికిస్తే ఉత్త తీపే మిగులుతుంది. అదే ఉంటే నిమ్మరసం రెట్టింపు చేయండి. ఇంకో తేడా టెంక. కొన్ని రకాల్లో గుజ్జు టెంకని వదలదు, కొన్నిటిలో పండుని చుట్టూ కోసి రెండు చేతులతో తిప్పితే టెంక ఊడి వచ్చేస్తుంది. కిలో పండు కోయాలంటే ఈ రెండో రకమే ప్రాణానికి హాయి. సీజన్ మొదట్లో వచ్చేవి ఎక్కువగా టెంకని పట్టుకునేవి, ఊడేవి తర్వాత వస్తాయి.

తొక్క తీయాలా అంటే, తీస్తే మంచిది. ఉడికాక తొక్క చిన్న చిన్న చుట్టల్లా ఊడి నోటికి తగులుతుంది. పండు అడుగున అడ్డంగా, నిలువుగా చిన్న గాటు పెట్టి, మరుగుతున్న నీళ్లలో 30 నుంచి 60 సెకన్లు ఉంచి, వెంటనే ఐసు నీళ్లలో వేస్తే తొక్క గాటు దగ్గర్నుంచి చేత్తో లాగితే వచ్చేస్తుంది. రాకపోతే పండు ఇంకా మగ్గలేదని అర్థం, అప్పుడు పీలర్ వాడాల్సిందే. ఇదంతా ఎవరు చేస్తారనిపిస్తే నెక్టరిన్ తీసుకోండి. అది పీచ్ జాతిదే, నూగు ఉండదు, తొక్క పలచగా ఉంటుంది, తొక్కతోనే వాడేయొచ్చు.

ఫ్రోజెన్‌లో తొక్క తీసి, ముక్కలు కోసి ఇస్తారు, ఏడాది పొడుగునా దొరుకుతుంది. దాని లోపం నీళ్లు. గడ్డకట్టేటప్పుడు ఐసు కణాలు పండు లోపలి గోడల్ని చీల్చేస్తాయి, అందుకే కరిగాక ముక్క మెత్తబడి గిన్నెలో రసం మడుగు కడుతుంది. పూర్తిగా కరగనిచ్చి, వడకట్టి, ఆ రసాన్ని సగానికి మరిగించి తిరిగి కలపండి. రుచి ఎక్కడికీ పోదు, నీళ్లు మాత్రమే పోతాయి. పిండి ముద్దల కాబ్లర్‌కి ఇలా చేసిన ఫ్రోజెన్ పండు చక్కగా సరిపోతుంది.

డబ్బా పండు ముందే ఉడికినది. ముక్క ఆకారం చెడదు, రసం లెక్క ముందే తెలుసు, తప్పు జరిగే అవకాశం తక్కువ. కానీ తాజా పండు వాసన అందులో వెతకొద్దు. చిక్కటి పాకంలో వేసినవి, పలచటి పాకంలో వేసినవి, పండ్ల రసంలో వేసినవి అని రకాలుంటాయి. కేక్ మిక్స్‌కి తప్ప మిగతావాటికి పండ్ల రసంలో వేసినవే తీసుకుని, వడకట్టి, పండ్లలో కలిపే చక్కెర మూడో వంతుకి తగ్గించండి. ముందే ఉడికింది కాబట్టి ముద్దలు వేసే ముందు వేడెక్కేదాకా ఉంచితే చాలు.

చిక్కదనం దేనితో

ఇక్కడ పెద్ద చర్చ అక్కర్లేదు. కార్న్‌ఫ్లోర్ తేలిగ్గా దొరుకుతుంది, రసం నిగనిగలాడుతూ స్పష్టంగా ఉంటుంది. మైదా వేస్తే రసం మసకబారుతుంది, పైగా రెట్టింపు పడుతుంది. టాపియోకా పిండి కార్న్‌ఫ్లోర్ అంత బాగానూ ఉంటుంది, కాబ్లర్‌ని ఫ్రీజర్‌లో దాచాలనుకుంటే అదే మేలు. కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడ్డ రసం గడ్డకట్టి కరిగితే నీళ్లు వదులుతుంది.

ముద్దలకి, పై క్రస్ట్‌కి అయితే కిలో తాజా పండుకి కార్న్‌ఫ్లోర్ 2 టేబుల్‌స్పూన్లు, రసం మరిగించకుండా వాడే ఫ్రోజెన్‌కి 3, వడకట్టిన డబ్బా పండుకి 1 చాలు. కార్న్‌ఫ్లోర్‌ని ముందు చక్కెరలో కలిపి తర్వాత పండ్లకు పట్టించండి, నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. మిగిలినవి కిలోకి అరకప్పు చక్కెర, ఒక టేబుల్‌స్పూన్ నిమ్మరసం, చిటికెడు ఉప్పు, పావు టీస్పూన్ దాల్చిన చెక్క పొడి. దాల్చిన చెక్క అంతకు మించితే పీచ్ వాసన మరుగున పడుతుంది. రెండు చుక్కల బాదం ఎసెన్స్ వేసి చూడండి, పీచ్, బాదం ఒకే కుటుంబం కాబట్టి కలిసిపోతాయి. రెండు చుక్కలే సుమా.

మరి మీరు ఏది చేయాలి

ఎప్పుడూ బేకింగ్ చేయనివాళ్లు, ఇంట్లో కొలత కప్పులు, ఒక ట్రే మాత్రమే ఉన్నవాళ్లు జారుపిండితో మొదలుపెట్టండి. పండు వడకట్టిన డబ్బాదైనా సరే, గట్టిగా ఉన్న తాజాదైనా సరే. కేక్ మిక్స్ ఇంకా తేలిక కదా అంటే, తేలికే, కానీ దానితో చేయి ఏమీ నేర్చుకోదు.

మంచి పండు గంపెడు దొరికి, దాన్ని చూపించుకోవాలనుంటే పిండి ముద్దలు. పండ్ల రుచి ఇందులో తెలిసినంతగా ఇంకెందులోనూ తెలియదు. అతిథులు వచ్చేవేళకి ఇదే చేయాలంటే పండ్లు కోసి కలిపి ఫ్రిజ్‌లో, వెన్న నలిపిన పొడిపిండి ఇంకో గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. భోజనాలకి కూర్చునే ముందు పండ్లు ఓవెన్‌లోకి, మధ్యలో లేచి మజ్జిగ కలిపి ముద్దలు వేయడం. గాజు పాత్ర అయితే పండ్లని దానిలో ఫ్రిజ్‌లో ఉంచి నేరుగా వేడి ఓవెన్‌లో పెట్టకండి, పగలొచ్చు.

చేసి ఎక్కడికైనా పట్టుకెళ్లాలంటే జారుపిండిదే. గట్టిగా నిలుస్తుంది, చల్లారినా బాగుంటుంది, ముక్కలుగా కోయొచ్చు. ముద్దలది దారిలో ఒలుకుతుంది.

చక్కెర తగ్గించుకోవాల్సినవాళ్లకి కూడా ముద్దలదే వీలు, ఎందుకంటే పండులో చక్కెర, పిండిలో చక్కెర వేరువేరు. బాగా తీపి పండైతే పండులో పావు కప్పుతో సరిపెట్టొచ్చు. రసం కూడా తక్కువ ఊరుతుంది కాబట్టి కార్న్‌ఫ్లోర్ అర టేబుల్‌స్పూన్ తగ్గించండి. పాల పదార్థాలు పడనివాళ్లు జారుపిండిలో వెన్న బదులు కొబ్బరి నూనె, పాల బదులు కొబ్బరి పాలు వాడొచ్చు, అంచు కాస్త మెత్తగా వస్తుంది, అంతే.

చిన్న ఓవెన్ ఉన్నవాళ్లకి మాట. పైన ఉండే వేడి కమ్మీ టాపింగ్‌కి దగ్గరగా ఉంటుంది, సగం టైమ్‌కే రంగు వచ్చేస్తుంది. కింది వరసలో పెట్టండి, రంగు రాగానే పైన ఫాయిల్ వదులుగా కప్పి మిగతా టైమ్ పూర్తి చేయండి. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే పైన చెప్పిన వేడి కంటే 15 నుంచి 20 డిగ్రీలు తగ్గించాలి. ఏ ఓవెన్ అయినా పాత్ర కింద ఇంకో పళ్లెం పెట్టండి, పొంగి కారిన పాకం ఓవెన్ అడుగున మాడితే ఆ వాసన వారం పోదు.

పాత్ర విషయంలో గాజు, పింగాణీ రెండూ సరే. పూత లేని అల్యూమినియం వద్దు, పండు పులుపుకి లోహపు రుచి దిగుతుంది. బాగా నూనె పట్టి నల్లబడిన ఇనుప మూకుడులో జారుపిండిది వేస్తే అంచు మిగతా పాత్రలన్నిటికంటే బాగా కాలుతుంది, కాకపోతే మిగిలిందాన్ని అందులో నిలవ ఉంచొద్దు.

తీసిన వెంటనే వడ్డించకుండా ఏ రకమైనా 20 నుంచి 30 నిమిషాలు ఆగండి. వేడిగా ఉన్నప్పుడు పలచగా కనిపించే రసం చల్లారుతూ చిక్కబడుతుంది. ఆ తొందరలో కార్న్‌ఫ్లోర్ సరిపోలేదని అనుకునేవాళ్లే ఎక్కువ. మిగిలితే రెండు గంటల్లోపు మూత పెట్టి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులుంటుంది. జారుపిండిది, కేక్ మిక్స్‌ది మైక్రోవేవ్‌లో వేడి చేసుకున్నా పర్వాలేదు. ముద్దలది, పై క్రస్ట్‌ది మాత్రం 175 డిగ్రీల ఓవెన్‌లో పది పదిహేను నిమిషాలు పెట్టాల్సిందే, మైక్రోవేవ్‌లో అవి తడి గుడ్డలా అవుతాయి.